పాత లెన్సు, కొత్త కెమెరా: లెక్క ఎక్కడ కుదురుతుంది?

1987లో కెనాన్ కంపెనీ ఈఓఎస్ కెమెరాలు తెచ్చింది. 1971 నుంచి అమ్ముతూ వచ్చిన ఎఫ్‌డీ లెన్సులన్నీ ఆ దెబ్బతో దిక్కులేనివైపోయాయి. కొత్త బాడీకి అవి బిగవవు. మధ్యలో ఓ రింగు పెట్టి బిగిద్దామన్నా లెక్క కుదరదు. ఎఫ్‌డీ లెన్సు బిగించే అంచు నుంచి ఫిల్ము 42 మి.మీ. దూరంలో ఉండాలి, కొత్త కెమెరాలో ఆ దూరం 44 మి.మీ. లెన్సును రెండు మిల్లీమీటర్లు లోపలికి దించగలిగితే తప్ప దూరాన ఉన్న కొండ స్పష్టంగా పడదు. మధ్యలో ఓ గాజు పెట్టిన అడాప్టర్లు వచ్చాయి గానీ, ఆ గాజే బొమ్మను పాడుచేసేది. అలా మంచి మంచి లెన్సులు ఇరవై ఏళ్ళకు పైగా ధర లేకుండా పడి ఉన్నాయి. మినోల్టా వాళ్ళవీ అదే గతి. 1985లో ఆ కంపెనీ ఆటోఫోకస్‌కు మారి, లెన్సు బిగించే మౌంటే మార్చేసింది.

ఇవాళ వాటినే వెతుక్కుని మరీ కొంటున్నారు. కొన్నవాళ్ళలో సగంమంది వాటిని ఆకాశానికెత్తేస్తారు, మిగతా సగం ఆరునెలలకే అమ్మకానికి పెడతారు. ఎవరి మాట నమ్మాలన్నది కొత్తగా మిర్రర్‌లెస్ (అద్దంలేని) కెమెరా కొన్న ప్రతి కుర్రాడికీ వచ్చే సందేహం. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. కొత్త కెమెరా పాత లెన్సుకున్న రెండు చిక్కులు విప్పింది, మూడో చిక్కు మాత్రం అలాగే ఉంది. ఆ మూడోది గాజు వయసు.

మొదటి చిక్కు దూరం. రిఫ్లెక్స్ (ఎస్ఎల్ఆర్) కెమెరాలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం పైకి లేచి దిగుతూ ఉంటుంది. దానికి చోటు కావాలి కనుక నికాన్ ఎఫ్ మౌంట్‌లో 46.5 మి.మీ., మరచుట్లతో తిప్పి బిగించే ఎం42లో 45.46, మినోల్టాలో 43.5 ఇలా దూరాలు పెట్టుకున్నారు. అద్దం తీసేశాక అంత చోటు అక్కర్లేదు. సోనీ ఈ మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ., కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20, ఫ్యూజీ ఎక్స్‌లో 17.7, నికాన్ జడ్‌లో 16. ఎఫ్‌డీ లెన్సును సోనీకి పెట్టాలంటే ఇప్పుడు 24 మి.మీ. ఖాళీ చేతిలో ఉంది. అంత పొడవున్న లోహపు గొట్టం, అటొక మౌంటూ ఇటొక మౌంటూ ఉంటే చాలు. లోపల గాజు లేదు, తీగ లేదు. రిఫ్లెక్స్ కెమెరాల కోసం తయారైన లెన్సు ఏదైనా సరే, ఏ దేశానిదైనా సరే, అద్దంలేని కెమెరాకు ఎక్కుతుంది.

2008లో పానాసోనిక్ జీ1తో ఈ దారి తెరుచుకుంది. అయితే దాని సెన్సర్ ఫిల్ము ఫ్రేములో సగం కొలత, 50 మి.మీ. లెన్సు పెడితే 100 మి.మీ. లెన్సు చూసినంత ఇరుకుగా చూసేది. 2010లో వచ్చిన సోనీ నెక్స్ కెమెరాల్లో అది 75 అయింది. 2013లో సోనీ ఏ7 ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌తో వచ్చాకగానీ పాత లెన్సులు తాము పుట్టిన కొలతలో బొమ్మ చూపలేదు. నా లెక్కలో ఈ వేడుక అసలు మొదలైంది అక్కడే. లెన్సు స్వభావమంతా అంచుల్లో ఉంటుంది, చిన్న సెన్సర్ ఆ అంచులనే కోసేస్తుంది.

రెండో చిక్కు కంటిది. ఫిల్ము కెమెరాలో వ్యూఫైండర్ మధ్యన ఒక గుండ్రటి గాజు ఉండేది. ఫోకస్ కుదరకపోతే అందులో గీత రెండు ముక్కలై కనిపించేది, కుదిరితే ఒక్కటయ్యేది. ఆటోఫోకస్ వచ్చాక దాన్ని తీసేశారు. డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లలో తెర వెలుతురుగా కనిపించేందుకు గరుకుతనం తగ్గించడంతో ఎఫ్/1.4 లెన్సు పెట్టినా కంటికి ఎఫ్/2.8 అంత లోతే కనిపించేది. ఫోకస్ కుదిరిందనుకుని నొక్కితే కన్ను బదులు చెవి స్పష్టంగా వచ్చేది. మిర్రర్‌లెస్‌లో వ్యూఫైండర్‌లో కనిపించేది సెన్సర్ చూస్తున్నదే. కావలసిన చోట అయిదింతలో పదింతలో పెద్దది చేసుకుని, కనురెప్ప వెంట్రుకలు తేలేవరకు రింగు తిప్పవచ్చు.

ఫోకస్ పీకింగ్ అని ఇంకో సదుపాయం ఉంది. స్పష్టంగా ఉన్న అంచులకు ఎరుపో పసుపో రంగు పూసి చూపిస్తుంది. అమ్మేవాళ్ళు దీన్నే ఎక్కువగా చెబుతారు, నేను దీన్ని పూర్తిగా నమ్మవద్దంటాను. అది నిజానికి ఫోకస్‌ను కొలవదు, కాంట్రాస్టును కొలుస్తుంది. ఎఫ్/8 దగ్గర బొమ్మంతా రంగు పూసేస్తుంది, ఎఫ్/1.4 దగ్గర ముక్కుకీ పూస్తుంది, కంటికీ పూస్తుంది. వీధిలో నడుస్తూ తీసేటప్పుడు అది చాలు. దగ్గరి ముఖం తీసేటప్పుడు మాత్రం పెద్దది చేసి చూడటమే మార్గం. నికాన్ జడ్‌ఎఫ్ లాంటి కొత్త కెమెరాలైతే చేతి ఫోకస్ లెన్సుతోనూ కన్ను ఎక్కడుందో గుర్తుపడతాయి, పెద్దది చేయగానే నేరుగా అక్కడికే తీసుకెళతాయి. పాత లెన్సు వాడేవారికి ఇంతకంటే పెద్ద మేలు ఈమధ్య ఏదీ జరగలేదు.

ఇక గాజు సంగతి. పాత లెన్సుల గురించి మాట్లాడేవారు ‘క్యారెక్టర్’ అన్న మాట వాడకుండా రెండు వాక్యాలు చెప్పరు. ఆ మాట విప్పి చూస్తే లోపల ఉండేది లోపాలే. ప్రతి లోపానికీ పేరుంది, కారణముంది. ఏ లోపం ఎందుకు వస్తుందో తెలిస్తే ఏ లెన్సు కొనాలో తెలుస్తుంది.

హీలియోస్ 44-2 తీసుకుందాం. 58 మి.మీ., ఎఫ్/2, ఎం42 మౌంట్. సోవియట్ జెనిత్ కెమెరాలతో పాటు వచ్చేది. రష్యాతో మనకు రూపాయల్లో వ్యాపారం సాగిన రోజుల్లో ఆ కెమెరాలు మన దేశానికీ వచ్చాయి. హీలియోస్ నమూనా రష్యాది కాదు. విల్లీ మెర్టే అనే జర్మన్ నిపుణుడు 1930లలో జైస్ కంపెనీకి గీసిన బయోటార్ అది. యుద్ధం తర్వాత సోవియట్ కర్మాగారాలు జైస్ లెన్సుల నమూనాలను తమవిగా చేసుకున్నాయి. జూపిటర్ పేరుతో వచ్చినవి కూడా ఎక్కువగా జైస్ సోనార్ సంతానమే. హీలియోస్‌కు ఇవాళ ఇంత గిరాకీ ఎందుకంటే, దానితో ఎఫ్/2 దగ్గర చెట్ల ముందు మనిషిని నిలబెట్టి తీస్తే వెనక ఆకులన్నీ సుడి తిరుగుతున్నట్టు వస్తాయి. ఆ సుడిలో మహత్తేమీ లేదు. ఏటవాలుగా వచ్చే వెలుగును గొట్టం అంచు కొంత అడ్డుకోవడంతో, ఫోకస్‌లో లేని చుక్కలు మధ్యలో గుండ్రంగా, అంచుల్లో పిల్లి కన్నులా కోసుకుపోయి వస్తాయి. వాటికి తోడు అంచుల్లో ఎస్టిగ్మాటిజం. అందుకే సుడి కావాలంటే మూడు కుదరాలి: ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఉండాలి, వెనక ఆకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు పడాలి, ఆ ఆకులు మనిషికి మరీ దగ్గరా మరీ దూరమూ కాకూడదు. గోడ ముందు నిలబెట్టి తీసి ‘సుడి రాలేదేం’ అంటే లెన్సు ఏం చేస్తుంది? నెక్స్ కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ లాంటి చిన్న సెన్సర్ మీద అంచులు కోసుకుపోతాయి కాబట్టి అక్కడ సుడి సగం చచ్చిపోతుంది.

మేయర్ కంపెనీ ట్రయోప్లాన్ 100 మి.మీ. లెన్సుది ఇంకో దారి. మూడే గాజులు. వాటితో స్ఫెరికల్ ఎబరేషన్ సరిగ్గా సర్దుకోక, వెనక వెలుగు చుక్క ప్రతిదానికీ అంచు మెరుస్తుంది. తెల్లవారుజామున గడ్డి మీద మంచు బిందువులు తీస్తే సబ్బు బుడగల్లా తేలుతాయి. ఒకప్పుడు తక్కువరకం లెన్సు కింద లెక్క, ఇప్పుడు దాని ధర వింటే ఉలిక్కిపడాలి. నా మాట అడిగితే, నెలకోసారి మాత్రమే పనికొచ్చే గుణానికి అంత డబ్బు పోయనక్కర్లేదు.

పెంటాక్స్ తకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 వేరే తరహా. రింగు తిప్పితే వేళ్ళకు తెలిసే ఆ మెత్తదనం ఇవాళ్టి లక్ష రూపాయల లెన్సుల్లోనూ దొరకదు. 1964లో వచ్చిన మొదటి రకంలో ఎనిమిది గాజులు. తర్వాత వచ్చిన ఏడు గాజుల రకాల్లో ఒక గాజుకు థోరియం కలిపారు, వెలుగును ఎక్కువగా వంచేందుకు. థోరియం రేడియోధార్మిక పదార్థం. దాని అర్ధాయువు దాదాపు 1400 కోట్ల సంవత్సరాలు. ఈ కబురు వినగానే కొందరు భయపడి అమ్మేస్తారు. కెమెరాకు పెట్టి వాడుకుంటే భయపడాల్సింది ఏమీ లేదు. ఆ గాజును పగలగొట్టడం, అరగదీయడం మాత్రం చేయకూడదు. అసలు ఇబ్బంది వేరే. ఆ రేడియోధార్మికత వల్లే ఏళ్ళ తరబడి చీకట్లో ఉన్న గాజు టీ రంగుకు తిరుగుతుంది. అల్ట్రావయొలెట్ కిరణాలు తగిలితే ఆ రంగు విరుగుతుంది, అంటే ఎండలో పెడితే చాలు. వెనక మూత తీసి, ముందు వైపు అల్యూమినియం రేకు కప్పి, లేత ఎండలో కొన్నాళ్ళు పెడితే చాలావరకు తెల్లబడుతుంది. రేకు కప్పమన్నది ఊరికే కాదు. లెన్సు గుండా ఎండ ఒకచోట పోగయితే కిటికీ పరదా అంటుకుంటుంది. మన వేసవి మధ్యాహ్నపు ఎండలో అసలు పెట్టవద్దు, లోపలి గ్రీజు కరిగి ఎపర్చర్ రేకుల మీదికి పారుతుంది.

ఈ లోపాల గొడవ లేకుండా చక్కగా పనిచేసే పాత లెన్సులూ ఉన్నాయి. వాటి గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు, చెప్పేందుకు వింత ఏమీ ఉండదు మరి. నికాన్ 105 మి.మీ. ఎఫ్/2.5 అలాంటిది. 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ తీసిన ఆఫ్ఘన్ బాలిక ముఖం, 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం, ఆ లెన్సుతో వచ్చిందే. ఫొటో చూసినవాళ్ళు కళ్ళను గుర్తుపెట్టుకుంటారు, లెన్సును కాదు. ఇవాళ 24 మెగాపిక్సెల్ సెన్సర్ ముందు పెట్టినా ఆ లెన్సు తలవంచుకునే పరిస్థితి లేదు. ఒలింపస్ జూకో 50, కెనాన్ ఎఫ్‌డీ 50, మినోల్టా రొక్కోర్ 50 కూడా ఎఫ్/5.6కు దించితే అంతే. తేడా తెలిసేది ఎపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు, లేదా 60 మెగాపిక్సెళ్ళ కెమెరాలో బొమ్మను నూటికి నూరు శాతం పెద్దది చేసి అంచులు వెతికినప్పుడు. పెళ్ళి ఆల్బమ్ అలా చూసే చుట్టం ఇంతవరకు పుట్టలేదు.

ఒక్క జాతి లెన్సుల దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. లైకా వంటి రేంజ్‌ఫైండర్ కెమెరాల కోసం చేసిన వైడ్ లెన్సుల్లో వెనక గాజు ఫిల్ముకు బాగా దగ్గరగా ఉంటుంది, అంచులకు వెలుగు బాగా ఏటవాలుగా వెళుతుంది. ఫిల్ముకు అదొక లెక్క కాదు. సెన్సర్ మీద మాత్రం వడపోత గాజు ఒకటి ఉంటుంది. సోనీలో అది సుమారు రెండు మిల్లీమీటర్ల మందం, లైకాలో అందులో సగం కూడా ఉండదు. ఏటవాలు వెలుగు ఆ మందం గుండా పోతూ దారి తప్పి మూలలు పులిమినట్టవుతాయి, ఒక్కోసారి ఊదారంగు ఛాయ పడుతుంది. 50 మి.మీ. పైబడిన వాటికి ఈ బెడద అంతగా లేదు. రిఫ్లెక్స్ కెమెరా వైడ్ లెన్సులకూ లేదు, అద్దానికి చోటు విడవాలి కనుక వాటి వెనక గాజు ముందే దూరంగా ఉంటుంది.

పూతల సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. గాజు మీద వెలుగు తిరిగి కొట్టకుండా పూత పూసే విద్య 1935లో జైస్‌లో స్మకూలా అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు, పొరల మీద పొరలు పూసే పద్ధతి 1970ల మొదట్లో వ్యాపించింది. ఒకే పొర ఉన్న పాత లెన్సును సూర్యుడికి ఎదురుగా పెడితే బొమ్మ పాలిపోతుంది. పైగా సెన్సర్ అద్దంలా మెరిసే వస్తువు, ఫిల్ము అలా మెరవదు. ఆ మెరుపు వెనక గాజుకు తగిలి మధ్యలో మచ్చ పడేది అందుకే. లెన్సు హుడ్ పెట్టుకోండి, సగం బాధ పోతుంది.

మన దగ్గర అన్నిటికన్నా పెద్ద బెడద బూజు. జపానులో, యూరప్‌లో రాసిన సలహాలు దీన్ని ఒక పేరాలో ముగిస్తాయి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉండేవాళ్ళకు ఒక పేరా చాలదు. ఫంగస్ విత్తులు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటికి కావలసింది తేమ, చీకటి, కాస్త దుమ్మో జిడ్డో. తోలు సంచిలో పెట్టి బీరువాలో పెట్టిన లెన్సుకు మూడూ దొరుకుతాయి. మొదట సాలెగూడులా సన్నని పోగులు పడతాయి. ఆ దశలో తెలిసినవాడు విప్పి తుడిస్తే పోతాయి. వదిలేస్తే అది వదిలే ఆమ్లం పూతను తినేసి గాజులోకి దిగుతుంది. అప్పుడు తుడిచినా గీతలు మిగులుతాయి. తెలంగాణ గాలి పొడి కనుక హైదరాబాద్‌లో ఈ భయం తక్కువే, కానీ వానాకాలంలో అక్కడివాళ్ళూ నిశ్చింతగా ఉండటానికి లేదు.

కాబట్టి కొనేటప్పుడు పేరు కంటే ఒంటి ఆరోగ్యం చూడాలి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నా, మూసేసిన స్టూడియోవాళ్ళ దగ్గర కొన్నా, ఫోన్ టార్చి చాలు. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడాలి. దుమ్ము రేణువులు కనిపిస్తాయి, వాటితో పనిలేదు. పోగులు కనిపిస్తే బూజు. పొగమంచులా తెల్లటి మసక కనిపిస్తే హేజ్. ఇది ఫొటోలో కాంట్రాస్టును బూజు కంటే ఎక్కువగా చంపుతుంది. అంచున ఇంద్రధనుస్సు రంగులుంటే రెండు గాజులను అతికించిన బాల్సమ్ ఊడిపోతోందని అర్థం. దాన్ని బాగుచేయడం లెన్సు ధరను మించుతుంది. ఎపర్చర్ రింగు తిప్పితే రేకులు చటుక్కున కదలాలి, బద్ధకంగా కదిలితే నూనె పట్టింది. చివరగా మరమేకుల తలలు చూడండి. అవి చెక్కుకుపోయి ఉంటే ఎవరో ముందే విప్పారన్నమాట, ఎలా బిగించారో దేవుడికెరుక. విదేశీ అమ్మకందారు రాసే ‘ఎక్సలెంట్’ అన్న ముక్కను ఫొటోలు చూడకుండా నమ్మవద్దు, కస్టమ్స్ సుంకం కలిపాక ఎంతవుతుందో ముందే లెక్కేసుకోండి.

ఇంటికి తెచ్చాక తోలు సంచిని పక్కన పారేయండి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టవచ్చు, రంగు మారగానే వేడి చేసి మళ్ళీ వాడవచ్చు. లెన్సులు నాలుగైదు దాటితే డ్రై క్యాబినెట్ కొనడమే మేలు, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచుకోవాలి. బియ్యం డబ్బాలో దాచమనే సలహా వినకండి. తౌడు దుమ్ము లోపల చేరి, పెరిగే బూజుకు మేత అవుతుంది. అన్నిటికన్నా చవకైన మందు వాడకం. వారానికోసారి వెలుగు చూసే లెన్సుకు బూజు అంత తొందరగా పట్టదు.

అడాప్టర్ విషయంలో పిసినారితనం పనికిరాదు గానీ, మరీ ఖరీదైనదీ అక్కర్లేదు. చవక రకాలను కావాలనే ఒక వెంట్రుకవాసి పొట్టిగా చేస్తారు, దూరపు ఫోకస్ తప్పకుండా అందాలని. మామూలు 50కి దానివల్ల నష్టం లేదు, స్కేలు మీద అంకెలు కాస్త తప్పుతాయి, అంతే. దగ్గరి ఫోకస్ కోసం లోపలి గాజులు విడిగా కదిలే లెన్సులుంటాయి, 1967లో వచ్చిన నికాన్ 24 మి.మీ. ఎఫ్/2.8 అలాంటిది. వాటికి పొట్టి అడాప్టర్ పెడితే అంచులు చెడతాయి. ఎం42 లెన్సుల్లో ఆటో-మాన్యువల్ మీట లేనివైతే, వెనక సూదిని నొక్కి ఉంచే అంచు అడాప్టర్‌లో ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ఎపర్చర్ మూసుకోదు. లెన్సు మొత్తాన్ని ముందుకు వెనక్కు జరిపి ఆటోఫోకస్ చేసే మోటారు అడాప్టర్లూ ఉన్నాయి; టెక్‌ఆర్ట్ 2016లో సోనీకి అలాంటిది తెచ్చింది. తెలివైన వస్తువే. బరువు లెన్సులను మోయలేదు, దాని ధరకు కొత్త ఆటోఫోకస్ లెన్సు వస్తుంది.

కెమెరా మెనూలో రెండు పనులు మరవకండి. ‘లెన్సు లేకుండా షటర్’ అన్నదాన్ని ఆన్ చేయాలి, లేకపోతే కెమెరా తన ముందు లెన్సే లేదనుకుని నొక్కనివ్వదు. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే లెన్సు మిల్లీమీటర్లు మనమే చెప్పాలి. 50 పెట్టి 135 అని రాస్తే కెమెరా అనవసరంగా ఎక్కువగా సర్దబోయి బొమ్మను కదిపేస్తుంది.

ఇక డబ్బు సంగతి. పాత లెన్సు చవక అన్న మాట పదేళ్ళ క్రితం నిజం. ఇప్పుడు పేరున్న ప్రతి లెన్సు ధరా పెరిగింది. దానికి అడాప్టరు, శుభ్రం చేయించే ఖర్చు, తేమ నుంచి కాపాడే డబ్బా కలిపి చూడండి. మరోపక్క చాలా కంపెనీలు 50 మి.మీ. ఎఫ్/1.8 ఆటోఫోకస్ లెన్సును తమ జాబితాలో అడుగున పెట్టి అమ్ముతున్నాయి. టీటీఆర్టిజన్, 7ఆర్టిజన్స్ లాంటి చైనా కంపెనీలు బూజు లేని, వారంటీ ఉన్న చేతి ఫోకస్ లెన్సులను కొత్తవే చవకగా ఇస్తున్నాయి. కేవలం పొదుపు కోసమే అయితే పాత లెన్సు వైపు చూడనక్కర్లేదు.

పని కోసమైతే చూడవలసిన చోట్లు ఉన్నాయి. మాక్రో అందులో మొదటిది. పురుగునో పువ్వునో బాగా దగ్గరగా తీసేటప్పుడు ఆటోఫోకస్ ఉన్నా చాలామంది వాడరు. పాత నికాన్ 55 మి.మీ. మైక్రో ఆ పనిని కొత్తవాటికి దీటుగా చేస్తుంది. రెండోది వీడియో. ఇప్పటి లెన్సుల్లో చాలావాటి రింగు నేరుగా గాజును కదపదు, మోటారుకు కబురు పంపుతుంది. వేగంగా తిప్పితే ఒకంత, నిదానంగా తిప్పితే ఒకంత జరుగుతుంది. పాత లెన్సు రింగును గుర్తు దగ్గర నుంచి గుర్తు దగ్గరికి తిప్పితే ఎన్నిసార్లయినా అక్కడికే వెళుతుంది. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళకు ఇది పెద్ద ఆస్తి. మూడోది తొందర లేకుండా తీసే ముఖం ఫొటో, అమ్మమ్మ అరుగు మీద కూర్చుని కదలకుండా ఉంటే. తలంబ్రాలు పోసే సమయంలో మాత్రం వద్దు. ఆ అర నిమిషంలో రింగు తిప్పుతూ కూర్చుంటే పెళ్ళివారు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి అడుగుతారు. పరిగెత్తే పిల్లలకీ, ఆటలకీ, పిట్టలకీ కూడా అంతే.

ఇన్నీ విన్నాక కూడా ఒకటి కొనాలనిపిస్తే, మొదట 50 మి.మీ. ఎఫ్/1.8 లేదా ఎఫ్/1.7 కొనండి. పెంటాక్స్, మినోల్టా, కెనాన్ ఎఫ్‌డీ, ఒలింపస్, నికాన్, ఏదైనా ఫరవాలేదు; మీ దగ్గర్లో టార్చి వేసి చూడనిచ్చే మనిషి దగ్గర ఏది శుభ్రంగా ఉంటే అది. సుడి తిరిగే హీలియోస్‌ను రెండోదిగా పెట్టుకోండి. ఇంట్లో తాతగారిదో మేనమామదో ఫిల్ము కెమెరా ఉంటే ఏమీ కొనకముందు దాన్ని దించి చూడండి. దాని లెన్సు ఏ మౌంటుదో తెలుసుకుని, దానికి తగ్గ అడాప్టర్ ఒక్కటి తెప్పిస్తే సరిపోతుంది.